వక్రఘోషుడి భేరి

మకరందపురం మీద సూర్యుడు ఉదయించాడు. ఏడంతస్తుల మేడల మీది పసిడి కలశాలు భగ్గున మెరిశాయి. పగడాల తోరణాల మీద నెమళ్ళు పురివిప్పాయి. కానీ నగరం పాదాలను తడుపుతూ పారవలసిన శంఖవతీ నదిలో మాత్రం ఒక్క నీటిచుక్క లేదు. ఇరవై ఒక్క రోజులుగా లేదు. హంసముఖాల పడవలు ఇసుకలో పక్కకి ఒరిగి పడి ఉన్నాయి. కొంగలు ఎండిన బురదలో ముక్కులు పొడిచి, ఏమీ దొరక్క తిరిగి వెళ్ళిపోతున్నాయి.

ఢాం! ఢాం! ఢాం!

నగరం నడిబొడ్డున ఉన్న బురుజు మీంచి భేరి మోగింది. అది మామూలు భేరి కాదు. మాంత్రికుడు వక్రఘోషుడు నూటొక్క రోజులు మంత్రించి, రాక్షసపక్షి తోలు బిగించి చేసిన భేరి. దాన్ని మోగించి ఏ మాట పలికినా, ముమ్మారు చెవిన పడేసరికి ఆ మాట విన్నవాడి నాలుక మీదికి వచ్చి కూర్చుంటుంది. తన బుర్రలో పుట్టిన మాటే అనుకుని వాడు దాన్ని పదిమందికీ చెబుతాడు.

"నది అవతలి గిరిదుర్గం వాళ్ళు మనుషులు కారు, పాములు! మన నదిని తాగేసిన పాములు!" అన్నాడు వక్రఘోషుడు బురుజు మీంచి.

"పాములు! పాములు!" అంది నగరం.

అంగడివీధి చావిడి అరుగు మీద నిలబడి, చేతిలో పన్నెండు తాటాకులతో, సుధన్వుడు పళ్ళు పటపటా కొరికాడు.

సుధన్వుడు రాజపాఠశాలలో వ్యాసం రాయడం నేర్పే ఉపాధ్యాయుడు. ముప్పై ఏళ్ళవాడు, బక్కపలచని మనిషి, ముక్కు మీద కోపం. "చూసింది రాయండి. చూసిన వరుసలో రాయండి. ఎందుకు జరిగిందో తెలిస్తే చెప్పండి, తెలియకపోతే తెలియదని రాయండి" అని పిల్లల చేత రోజూ చదివిస్తాడు. నది ఎండిపోయినప్పుడు, ఎగువకి వెళ్ళినవాడు రాయైపోతాడని భేరి ఎంత బెదిరించినా వినకుండా, అతనొక్కడే ఎగువకి వెళ్ళాడు. ఆరు రోజులు ప్రతి వాగూ ప్రతి వంకా గాలించాడు. చివరికి నగరానికి రెండు కోసుల దూరంలోనే, మాయ పొగమంచు కప్పేసిన జంటకొండల కనుమలో, నదికి అడ్డంగా నిలబెట్టిన రాతితలుపు చూశాడు. దాని మీద వంకర శంఖం ముద్ర ఉంది. అది వక్రఘోషుడి ముద్ర. తలుపు వెనక శంఖవతి సముద్రంలా నిండి ఉంది.

అతను రాయి కాలేదు. తిరిగొచ్చి, చూసిందంతా పన్నెండు తాటాకుల మీద రాశాడు. ఇప్పుడు దాన్ని చదువుతున్నాడు.

"మహాజనులారా! మొదటి సంగతి: కనుమ వెడల్పు నలభై రెండు బారలు. రెండో సంగతి: తలుపు మందం మూడు బారలు. అది నల్లరాయి. నల్లరాయి ఈ ప్రాంతంలో దొరకదు, కాబట్టి..."

"అయ్యా, నీళ్ళెక్కడున్నాయో చెప్పవయ్యా. ఈ బారలూ మూరలూ నాకెందుకు?" అంది మజ్జిగ అమ్ముకునే ఒకావిడ.

"అక్కడికే వస్తున్నానమ్మా. ఏడో ఆకులో ఉంది."

"ఏడో ఆకా!" అని ఆవిడ కుండ నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. వెనకే పదిమంది జారుకున్నారు. మిగిలినవాళ్ళు ఆవలించారు.

"ఊరంతా గిరిదుర్గం మీద యుద్ధానికి కదిలింది. నువ్వొక్కడివీ కాదంటే లోపం ఊరిలో ఉందా, నీలో ఉందా?" అన్నాడొక పెద్దాయన.

"ఎంతమంది అన్నారన్నది కాదు తాతా, ఎవరు చూశారన్నది ముఖ్యం! పాములు నదిని తాగడం మీలో ఎవరైనా చూశారా?"

"నేను చూశాను!"

ఆ గొంతుకి జనం రెండుగా చీలి దారిచ్చారు. ఏనుగు మీద వస్తున్నాడు భీమకంఠుడు. పదహారేళ్ళుగా కుస్తీలో వెన్ను నేలకి ఆనించని మల్లుడు. తల్లులు బిడ్డలకి అన్నం పెడుతూ వాడి కథలే చెబుతారు. వారం కిందటే వక్రఘోషుడు రాజుగారి చేత అతన్ని సేనాపతిని చేయించాడు.

"ఈ కళ్ళతో చూశాను. గిరిదుర్గం వాళ్ళ నాలుకలు రెండుగా చీలి ఉన్నాయి!" అన్నాడు భీమకంఠుడు.

"ఏ రోజు చూశారు సేనాపతీ? ఎక్కడ?" అని అడిగాడు సుధన్వుడు.

భీమకంఠుడికి జవాబు చెప్పే అవసరమే రాలేదు. "మా భీమకంఠుణ్ణే నిలదీస్తావా?" అంటూ జనం గయ్యిమన్నారు. మొదటి రాయి సుధన్వుడి చెవి పక్కనుంచి దూసుకుపోయింది. రెండోది తాటాకుల్ని ఎగరగొట్టింది. సరిగ్గా అప్పుడే బురుజు మీద భేరి మోగింది.

"సుధన్వుడు పాముల తొత్తు!"

మూడుసార్లు. అంతే. రాయి వేయనివాడు కూడా రాయి వెతుక్కున్నాడు.

సుధన్వుడు అరుగు దూకి పరుగెత్తాడు. వెనక భటులు, వాళ్ళ వెనక జనం. కంసాలివీధి దాటాడు. ఒక మేడ మెట్లెక్కి కప్పు మీదికి దూకాడు, ఆ కప్పు మీంచి ఇంకో కప్పు మీదికి. పెంకులు కాళ్ళ కింద పటపటా విరుగుతున్నాయి. ఈటె ఒకటి అతని ఉత్తరీయాన్ని చీల్చుకుంటూ పోయింది. రొప్పుతూ ఏదో గొణుగుతున్నానని అతనికి అప్పుడు తెలిసింది. ఏమిటది అని చెవిపెట్టి విన్నాడు.

"సుధన్వుడు పాముల తొత్తు, సుధన్వుడు పాముల తొత్తు..."

తన నోరే! "ఎవరన్నారు? ఏం చూసి అన్నారు?" అని తన్ను తానే గట్టిగా అడిగాడు. నాలుక మీద బరువు దిగినట్టయింది. ఆ సంతోషంలో అడుగు చూసుకోలేదు. కాలికింది పెంకు జారింది.

దబ్బుమని పడ్డాడు. కిందంతా చల్లగా, చిక్కగా, కంపుగా ఉంది. అద్దకంవాళ్ళ వీధిలో ఒక పెరటిలోని నీలిమందు తొట్టి అది. రెండు మునకలు వేసి పైకి తేలేసరికి ఎవరో జుట్టు పట్టి బయటికి లాగారు.

"శబ్దం చెయ్యకండి గురువుగారూ!"

ముతక చీర, మోచేతుల దాకా రంగు మరకలు. అద్దకం పనిమనిషి వేషంలో ఉన్న ఆ పిల్ల మరెవరో కాదు, రాకుమారి హంసవేణి. సుధన్వుడి దగ్గరే నాలుగేళ్ళు చదువుకుంది. "నాన్నగారు ఇప్పుడు భేరి మాట తప్ప వేరే మాట పలకడం లేదు. పలకరిస్తే 'పాములు' అంటున్నారు. అన్నం తినమంటే 'పాములు' అంటున్నారు. అందుకే భేరి మోగినప్పుడల్లా చెవుల్లో మైనం పెట్టుకుంటూ, కోట గోడ దిగి వచ్చేశాను" అంది. చెబుతుంటే ఆమె కళ్ళు చెమర్చాయి.

సుధన్వుడు తొట్టి అంచున కూలబడ్డాడు. "పన్నెండు ఆకులు రాశాను రాకుమారీ! ఒక్క అబద్ధం లేదు, ఒక్క అతిశయోక్తి లేదు. నీళ్ళ సంగతి ఉన్న ఏడో ఆకు దాకా వినే ఓపిక ఒక్కరికీ లేదు! వాడు రెండు ముక్కలు కూస్తే మాత్రం ఊరు ఊగిపోతోంది!"

"మీరు నీళ్ళ సంగతి ఏడో ఆకులో ఎందుకు పెట్టారు?"

"వరుసలో అది ఏడోది కనక!"

"దాహంతో ఉన్నవాడికి మొదటిది అదే కదండీ. మీరు చెప్పింది నిజమే గురువుగారూ. కానీ అది వాళ్ళ కళ్ళకి కనిపించలేదు. దేనితోనన్నా పోల్చి చెప్పి ఉంటే..."

"పోలికా!" సుధన్వుడు లేచి నిలబడ్డాడు. "పాములన్నది పోలిక కాదూ? అసలు వాడు 'పాముల్లాంటివాళ్ళు' అని కూడా అనలేదు. లాంటి అన్న మాట తీసేసి ఏకంగా పాముల్నే చేశాడు. వాడి ఆయుధం నేను పట్టుకోవాలా?"

ఆమె జవాబు చెప్పేలోగా పెరటి తలుపు బద్దలైంది. నలుగురు భటులు కత్తులు దూసి లోపలికి ఉరికారు. ఉరికి, ఆగిపోయారు. ఎదురుగా నెత్తి నుంచి పాదాల దాకా నీలంగా నిగనిగలాడుతూ నీళ్ళోడుతున్న ఆకారం!

"జలయక్షుడు!" అన్నాడొకడు. కత్తులు కింద పడ్డాయి. నలుగురూ సాష్టాంగపడ్డారు.

హంసవేణి అతని చెవిలో గుసగుసగా అంది: "అవునని చెప్పండి. నదీదేవత పంపిందని చెప్పండి. ఒక్క మాటతో సైన్యం ఆగిపోతుంది!"

సుధన్వుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. "మనిషిగా నిలబడి నిజం చెబితే రాళ్ళు వేశారు. రంగుతొట్టిలో పడి లేస్తే దండాలు పెడుతున్నారు! లేదు రాకుమారీ. ఈ అబద్ధంతో వీళ్ళని ఇవాళ నేను తిప్పితే, రేపు ఇంకో రంగు పూసుకున్నవాడొచ్చి ఇంకోవైపు తిప్పుతాడు" అన్నాడు. సాష్టాంగపడ్డవాళ్ళని దాటుకుంటూ వీధిలోకి నడిచాడు. హంసవేణి నుదురు కొట్టుకుని వెంట పరుగెత్తింది.

అప్పటికే సైన్యం కదిలింది. ఏడు వేలమంది. ఎండిన నదిని అడ్డంగా దాటితే గిరిదుర్గం దారి. ఈటెల మొనలు ఎండలో తళుక్కుమంటున్నాయి. ఏనుగుల ఘంటలు, గుర్రాల గిట్టలు, బళ్ళ ఇరుసుల మోత. ముందు దళం నది నడిమికి వచ్చేసరికి, ఇసుకతిన్నె మీద చేతులు చాచి నిలబడి ఉన్నాడు నీలిమనిషి. భీమకంఠుడి ఏనుగు తొండమెత్తి ఘీంకరించి వెనక్కి తగ్గింది.

"యక్షుడు! యక్షుడు!" అని కేకలు లేచాయి.

"యక్షుణ్ణి కాను! రంగుతొట్టిలో పడ్డ సుధన్వుణ్ణి!" అని అరిచాడు సుధన్వుడు.

ఎక్కడో ఒకడు పకాలున నవ్వాడు. నవ్వు పాకింది. భీమకంఠుడు కత్తి దూశాడు. ఇంకో రెండు క్షణాల్లో తల తెగుతుందని సుధన్వుడికి తెలుసు. మొదటి సంగతి, రెండో సంగతి అని మొదలుపెట్టే వ్యవధి లేదు. అతని చూపు ముందు వరసలో పెదవులెండిన ఒక ముసలి సైనికుడి నడుముకు వేలాడుతున్న ఖాళీ సొరకాయ బుర్ర మీద పడింది.

"తాతా, ఆ బుర్ర నిండా నీళ్ళుండి, మూతికి బిరడా బిగించి ఉంటే చుక్కైనా పడుతుందా?"

"ఎలా పడుతుంది?" అన్నాడు ముసలివాడు.

సుధన్వుడు ఒక్క క్షణం ఆగాడు. పోల్చింది సరిపోయిందా అని మనసులోనే తూచి చూశాడు. బుర్ర నది. మూతి కనుమ. బిరడా రాతితలుపు. ఎక్కడా ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పలేదు. అప్పుడు గొంతెత్తాడు.

"మన నదీ అంతే! నీళ్ళు ఎవరూ తాగలేదు. రెండు కోసుల దూరంలో, జంటకొండల కనుమలో, ఎవరో బిరడా బిగించారు. నన్ను నమ్మమని అడగడం లేదు. వచ్చి చూడండి. మీరు చూసేదాకా యుద్ధం ఆపండి. అబద్ధమైతే నా తల ఇక్కడే తీయండి!"

నవ్వు ఆగిపోయింది. ముసలి సైనికుడు ఏనుగు వైపు తిరిగాడు. "సేనాపతీ, చూసి వస్తే పోయేదేముంది? అన్నట్టు, ఆ చీలిన నాలుకలు తమరు ఏ రోజు చూశారు?"

భీమకంఠుడి ముఖం కందగడ్డలా ఎర్రబడింది. ఏడు వేలమంది అతని నోటివంకే చూస్తున్నారు. "సూర్యుడు నడినెత్తి దాటేదాకా ఆగుతాం. పదరా, చూపించు!" అని ఏనుగు దిగాడు. సైన్యం నదిలోనే, ఒరిగిన పడవల నీడన చతికిలబడింది. సుధన్వుడు, హంసవేణి, భీమకంఠుడు మూడు గుర్రాలెక్కి గట్టు వెంట ఎగువకి దౌడు తీశారు.

జంటకొండల దగ్గర పొగమంచు తెల్లటి గోడలా నిలబడి ఉంది. "రాయైపోతాం" అని గొణిగాడు భీమకంఠుడు. సుధన్వుడు కళ్ళు మూసుకుని గుర్రాన్ని లోపలికి పోనిచ్చాడు. అవతల, ఆకాశాన్ని తాకుతున్న నల్లటి రాతితలుపు. తలుపు నిండా చెక్కిన సింహముఖం, దాని నుదుట వంకర శంఖం. తలుపు వెనక నీళ్ళు గుమ్ముగుమ్మని కొట్టుకుంటున్న చప్పుడు.

భీమకంఠుడు గుర్రం దిగి రాతికి చెవి ఆనించాడు.

"నేను చూడలేదయ్యా," అన్నాడు. "చూశానని చెప్పమన్నాడు వక్రఘోషుడు. నువ్వు చెబితే ఊరు నమ్ముతుందన్నాడు. మూడుసార్లు చెప్పాక నాకే చూసినట్టు అనిపించింది."

సుధన్వుడు అతన్ని తిట్టబోయాడు. ఇంతలో పైనుంచి నీడ పడింది. కొండకొమ్ము మీంచి రెండు తలల రాక్షసపక్షి రెక్కలు ముడిచి రాయిలా దిగింది! ఒక ముక్కు హంసవేణి గుర్రాన్ని ఎత్తి లోయలోకి విసిరింది. ఆమె జీను మీంచి దొర్లి బండ చాటుకి పాకింది. భీమకంఠుడు రెండు మెడలూ రెండు చేతుల్తో ఒడిసిపట్టి, కాళ్ళు తన్నిపెట్టి, "తలుపు సంగతి చూడండి!" అని గర్జించాడు.

సింహముఖం కింద ఒక వాక్యం చెక్కి ఉంది. సుధన్వుడు గబగబా చదివాడు. 'నా కన్ను మూస్తే నా నోరు తెరుస్తాను.'

అతను రాళ్ళు పట్టుకుని పైకెక్కి, సింహం కుడికన్ను మీద అరచెయ్యి పెట్టాడు. ఏమీ జరగలేదు. ఎడమకన్ను మూశాడు. రెండూ కలిపి ఛాతీతో మూశాడు. రాయి కదల్లేదు. కింద మల్లుడి వీపు మీద గోళ్ళు దిగుతున్నాయి. "కన్ను మూశాను కదరా! తెరువు!" అని సుధన్వుడు ఏడుపు గొంతుతో రాతిని గుద్దాడు.

"గురువుగారూ, కన్నంటే కన్నే కానక్కర్లేదు!" బండ చాటు నుంచి హంసవేణి అరిచింది. "నీరు ఊరే చిల్లుని ఊటకన్ను అంటాం కదా! కింద చూడండి!"

తలుపు అడుగున, నేలకి జానెడు ఎత్తులో, వేలెడంత చిల్లు. అందులోంచి సన్నగా నీరు చిమ్ముతోంది. నాలుగేళ్ళు పాఠం చెప్పినవాడికి తట్టలేదు! సుధన్వుడు కిందికి జారి, పిడికెడు బంకమన్ను తీసి, ఆ చిల్లులోకి కూరి, బొటనవేలితో అదిమాడు.

సింహం కళ్ళు వాలాయి. కనుమ అంతా గడగడలాడింది. రాతిదవడలు కొంచెం విడివడి, నీటిధార కత్తిలా బయటికి దూకింది. రాక్షసపక్షి రెండు గొంతుల్తో కీచుమని అరిచి, పొగమంచుతో పాటే పొగై కరిగిపోయింది.

"సాధించాం!" అంది హంసవేణి.

సుధన్వుడు మాత్రం కదలకుండా నిలబడ్డాడు. అతని నీలి ముఖం బూడిదరంగుకి తిరిగింది. నలభై రెండు బారల వెడల్పు. ఇరవై ఒక్క రోజుల నీళ్ళు. రెండు కోసుల వాలు. ఒక ఘడియ, అంతకంటే ఎక్కువ పట్టదు.

"సైన్యం నదిలో కూర్చుని ఉంది," అన్నాడు. "నేనే కూర్చోబెట్టాను."

మన్ను పీకి చూశారు. లాభం లేకపోయింది. సింహం కళ్ళు తెరవలేదు, దవడ మరో బారెడు తెరుచుకుంది. మిగిలిన రెండు గుర్రాలూ ఎక్కారు. ఒకదాని మీద హంసవేణి, రెండో దాని మీద సుధన్వుడు, వెనక నెత్తురోడుతున్న భీమకంఠుడు. గట్టు వెంట గాలిని చీల్చుకుంటూ దిగువకి పరుగు. వెనక కొండలు విరిగిపడుతున్న మోత.

నదిమలుపు తిరిగేసరికి కనిపించారు. పడవల నీడల్లో కునుకు తీసేవాళ్ళు, ఇసుకలో పులిజూదం గీసుకుని ఆడేవాళ్ళు. సుధన్వుడు గుర్రం ఆపకుండానే ప్రాణాలన్నీ గొంతులోకి తెచ్చుకుని అరిచాడు.

"నీళ్ళొస్తున్నాయి! గట్టెక్కండి!"

తలలు లేచాయి. కొందరు నిలబడ్డారు. ఆ క్షణానే నగరం వైపు నుంచి వచ్చింది ఆ చప్పుడు. ఢాం! ఢాం! ఢాం!

"నీళ్ళన్నది పాముల మాయ! కదిలినవాడు పిరికివాడు!"

నిలబడ్డవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు తాను కదలడం ఎవరికీ ఇష్టం లేదు. ఒకడు కూర్చున్నాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. "పిరికివాడు" అన్న మాట వరస నుంచి వరసకి పాకుతూ పోయింది. సుధన్వుడికి గుండె పగిలేంత కోపం వచ్చింది. జుట్టు పీక్కోవాలనిపించింది.

"భేరి సంగతి నేను చూస్తాను!" హంసవేణి గుర్రం తల బురుజు వైపు తిప్పింది. ముతక చీర చెంగు నోట కరిచి, ఒక్క మడమతో గుర్రాన్ని తన్నింది. దుమ్ము తప్ప ఇంకేం మిగల్లేదు.

భీమకంఠుడు గట్టు మీంచి నదిలోకి దూకాడు. తూలాడు, లేచాడు. "నేను అబద్ధం చెప్పానర్రా! ఏ నాలుకలూ చూడలేదు! ఇదిగో, నేనే పిరికివాణ్ణి, నేనే ముందు కదులుతున్నాను!" అంటూ కనిపించినవాణ్ణల్లా చంకలు పట్టి ఎత్తి గట్టు మీదికి విసరసాగాడు.

సుధన్వుడూ గుర్రం దిగాడు. గట్టు అంచు దగ్గర బోర్లా పడుకుని చెయ్యి కిందికి చాచాడు. ముసలి సైనికుడు ఆ నీలి చేతివంక చూశాడు, ఎగువకి చూశాడు, పట్టుకున్నాడు. సుధన్వుడు లాగాడు. ఒక్కడు పైకొచ్చాడు. వెంటనే రెండో చెయ్యి చాచాడు.

నదిమలుపు దగ్గర కొంగలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. వాటి కింద, తాడిచెట్టంత ఎత్తున, శంఖవతి వస్తోంది.